ఆకాశసాక్షి
నీరందిన పైరు ఆకులనుండి ఆవిరి వెడలుటచే చల్లగా నుండును, దప్పిగొన్నది వేడెక్కును. ఆ వేడిమిని 1982 నుండి లాండ్‌శాట్ ఉపగ్రహములు చిత్రించుచున్నవి. వానినిబట్టి ఏ ప్రాంతపు పైరు ఏయేట నెంత నీరు త్రాగెనో శాస్త్రజ్ఞులు అంచనా కట్టుచున్నారు.

తుంగభద్ర ఎడమ కాలువ ప్రధానముగా ఆరుతడి పైరులకై ఉద్దేశింపబడినది. గంగావతి, సింధనూరు ప్రాంతములలో క్యాంపులు కట్టుకొనిన మన తెలుగు రైతులు విస్తారముగా వరి నాటిరి. బీళ్లు పచ్చబడినవని మేమును గర్వించితిమి. కాని రాయచూరు దిక్కున, కాలువ చివరి రైతులకు నీరందని యేడులు గలవు.

ఉపగ్రహము లెక్క చెప్పగలదు, నీరు పంచలేదు. ఎగువ రైతు తూమును మూయవలసినది అతని చేయియే. సాక్షి గలదని వెరచి మానుట వివేకము. దిగువవాడు గలడని తలచి మానుట ధర్మము. ఈ రెండవది మనకు అబ్బిననాడే ఆ నేల నిజముగా మనదగును.