అప్పు మీద లేచిన కప్పు



ఈ నెల ధ్యానమునకు నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయమును తీసికొనుడి. కరవు కాలమున ధాన్యము కొరకు పొలములను, ద్రాక్షతోటలను, ఇండ్లను కుదువబెట్టిన బీదలు మొఱపెట్టిరి. అప్పిచ్చినవారు పరదేశులు కారు, స్వజనులే. నెహెమ్యా మిగుల కోపించి, ఇండ్లతో కూడ నూరవ భాగముగా తీసికొనిన వడ్డీని సైతము మరల ఇమ్మనెను. అది నెలకు నూటికి ఒకటి చొప్పున అని పలువురు పండితులు తలంచుదురు. మన గ్రామములలో నూటికి రెండు, మూడు రూపాయలకు తెచ్చి పునాది వేసికొనువారిని మనము ఎరుగుదుము. ఇచ్చువారిలో కొందరు ఆదివారమున మన ప్రక్కనే కూర్చుండి కీర్తనలు పాడుచున్నారు. ఇది వ్రాయుటకు మాకు సంతోషము లేదు, గాని వ్రాయక తప్పదు.

కూలివానికి జీతపు చీటీ లేదు. తాతలనాటి స్థలమునకు కాగితము లేదు. బ్యాంకు గుమ్మమెక్కి ఏమి చూపును? సర్కారు ఇల్లు మంజూరైనను చాలచోట్ల పని జరిగిన కొలది బిల్లు వచ్చును. మొదటి ఇటుకకు అప్పే గతి.

గృహప్రతిష్ఠకు మనలను పిలుతురు. ప్రార్థించి, కాఫీ త్రాగి వత్తుము. ఆ కప్పు మీద అప్పెంతయో అడుగము. మూడేండ్ల క్రిందట మేము దీవించిన ఇల్లొకటి వడ్డీ క్రింద పోయినది. ఆ తల్లి అదే వీధిలో అద్దెకున్నది. మందిరములో ఆమె ముఖము చూచుటకు మాకు సిగ్గగుచున్నది.

అమెరికాలో, జార్జియా రాష్ట్రమున, అమెరికస్ పట్టణము చెంత 1942లో క్లారెన్స్ జోర్డన్ అను బాప్తిస్టు బోధకుడును అతని సహవాసులును కోయినోనియా అను సేద్యపు సమాజమును స్థాపించిరి. నల్లవారును తెల్లవారును ఒక్క బల్లయొద్ద భుజించినందున 1950లలో ఊరివారు వారితో క్రయవిక్రయములు మానిరి. తుపాకి గుండ్లు కూడ వచ్చెను. అయినను వారు కదలలేదు. 1968లో జోర్డన్, తన ఆస్తిని విడిచి వచ్చిన మిల్లర్డ్ ఫుల్లర్ అను న్యాయవాదితో కలిసి ఒక నిధిని నెలకొల్పెను. ఆ నిధితో బీదలకు ఇల్లు కట్టుదురు. వారు లాభము, వడ్డీ లేకుండ అసలు మాత్రము నెలనెలా తీర్చుదురు. ఆ పైకముతో మరియొకరి గోడలు లేచును. నిర్గమకాండము 22వ అధ్యాయములో బీదవానియొద్ద వడ్డీ కూడదన్న ఆజ్ఞను మనము కంఠస్థము చేసితిమి. వారు లెక్కల పుస్తకములో వ్రాసిరి. మొదటి ఇల్లు పూర్తికాకమునుపే, 1969 అక్టోబరులో, జోర్డన్ ప్రభువునందు నిద్రించెను.

1976లో ఫుల్లర్ దంపతులు ఈ పద్ధతినే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అను సంస్థగా విస్తరింపజేసిరి. ఇంటివారు తమ చేతులతోను పనిచేయవలెను. అందుచేత అది భిక్షము కాదు. మన దేశములో ఆ సంస్థ 1983లో మొదట అడుగుపెట్టినది మన ఖమ్మములోనే!

అమెరికా నుండి ఎవరో రానక్కరలేదు. మన పంటకానుకలలో కొంత ప్రత్యేకించి, వడ్డీలేని చిన్న నిధిగా ఉంచవచ్చును. తీర్చలేని నెలలో ఏమి చేయుదమని కొందరు పెద్దలు అడిగిరి. అది న్యాయమైన ప్రశ్నయే, జవాబు కలిసి వెదకవలెను. వచ్చే సంఘకూడికలో ఈ సంగతి చర్చకు వచ్చును. ఇల్లు పోగొట్టుకొనిన ఆ తల్లిని కూడ పిలిచితిమి. వచ్చెదనని ఆమె ఇంకను చెప్పలేదు.