జవాబు బాకీ

బిడ్డ బతికాడు కాబట్టి తల్లిదండ్రులు చేసింది ఒప్పేనని కొందరంటారు. అదే బిడ్డ పోయి ఉంటే ఆ నోళ్ళే వాళ్ళని మూర్ఖులనేవి. ఆ ప్రేమ మారలేదు, ఆ ప్రయాణం మారలేదు, మారింది ఫలితం ఒక్కటే. ఫలితాన్ని చూసి వెనక్కి నడిచి, మొదట్లో వేసిన అడుగు మంచిదో చెడ్డదో తేల్చడం న్యాయమేనా? 2014లో ఇంగ్లండు నుంచి ప్రాగ్ నగరం దాకా సాగిన ఒక కుటుంబం కథ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే ఎదురవుతుంది.

ఆ అబ్బాయికి అప్పుడు అయిదేళ్ళు. మెదడు వెనక భాగంలో మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డ వచ్చింది. సౌతాంప్టన్ ఆసుపత్రిలో జులైలో ఆపరేషన్ చేసి తీశారు. ఈ జబ్బుకి కత్తి ఒక్కటే చాలదు. దీని కణాలు మెదడు చుట్టూ, వెన్ను వెంట తిరిగే నీటిలో కలిసి కిందికి దిగగలవు. అందుకే సాధారణంగా మెదడు మొత్తానికీ, వెన్నుపాము పొడవునా రేడియేషన్ ఇస్తారు, కీమో కూడా ఇస్తారు. తల్లిదండ్రులు ప్రోటాన్ చికిత్స కావాలని అడిగారు. ఈ అబ్బాయికి దానివల్ల అదనపు మేలు లేదని వైద్యులు చెప్పారు. ఆగస్టు 28న వాళ్ళు ఆసుపత్రికి చెప్పకుండా పిల్లవాణ్ణి తీసుకుని, ఓడెక్కి ఫ్రాన్సుకి, అక్కణ్ణించి స్పెయినుకి వెళ్ళిపోయారు.

తర్వాత జరిగింది ప్రపంచమంతా చూసింది. గొట్టం ద్వారా ఆహారం పంపే యంత్రం బ్యాటరీ అయిపోతే ప్రాణానికి ముప్పని పోలీసులు ప్రకటించారు. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటా చెల్లే అరెస్టు వారంటు వెళ్ళింది. 30న మలగా దగ్గర కుటుంబం దొరికింది. తల్లీ తండ్రీ జైలుకి వెళ్ళారు, మెదడుకి ఆపరేషన్ అయిన పిల్లవాడు వాళ్ళకి దూరంగా పరాయి దేశపు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. జనం మండిపడ్డారు. సెప్టెంబరు 2న వారంటు వెనక్కి తీసుకున్నారు. 5న లండన్ హైకోర్టు న్యాయమూర్తి బేకర్ ప్రాగ్ ప్రయాణానికి అనుమతి ఇచ్చారు. బిడ్డ విషయంలో నిర్ణయించే హక్కూ బాధ్యతా మొదట తల్లిదండ్రులవేననీ, బిడ్డకి గణనీయమైన హాని జరుగుతున్నప్పుడో జరిగే అవకాశం ఉన్నప్పుడో తప్ప రాజ్యం అందులో తలదూర్చకూడదనీ ఆయన తీర్పు సారాంశం. 15న చికిత్స మొదలైంది. ముప్ఫై సిట్టింగులు ఇచ్చారు. ఖర్చు చివరికి బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థే భరించింది. మరుసటి ఏడాది స్కాన్‌లో గడ్డ జాడ లేదని తల్లిదండ్రులు చెప్పారు.

ఇక్కడ ఎవరు అబద్ధమాడారు? నాకు తెలిసి ఎవరూ ఆడలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మామూలు ఎక్స్‌రే కిరణం శరీరంలోకి ఒక వైపు నుంచి ప్రవేశించి, దారి పొడవునా శక్తిని వదులుతూ రెండో వైపు నుంచి బయటికి పోతుంది. వెన్నుకి వెనక నుంచి ఇస్తే ముందున్న గుండె, ఊపిరితిత్తులు, పేగులు కూడా ఎంతో కొంత తినాల్సిందే. ప్రోటాన్ అలా కాదు. దానికిచ్చిన వేగాన్ని బట్టి అది ఎంత లోతుకి వెళ్ళాలో ముందే తేల్చవచ్చు. పోతూ పోతూ కొద్దికొద్దిగా వదిలి, ఆగబోయే చోట మిగిలిన శక్తినంతా ఒక్కసారి కుమ్మరిస్తుంది. ఆ తర్వాత దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి వెన్నుకి ఇచ్చేటప్పుడు గుండెకి ఊరట. అయితే మెదడు మొత్తానికీ ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆ లాభం చాలావరకు కరిగిపోతుంది. ఏ కిరణంతో ఇచ్చినా మెదడు ఆ మోతాదు మోయాల్సిందే.

2016లో అమెరికా వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. మూడేళ్ళ నుంచి ఇరవై ఒక్క ఏళ్ళ వయసున్న 59 మందికి ఇదే జబ్బుకి ప్రోటాన్ ఇచ్చి ఏళ్ళ తరబడి గమనించారు. బతికి బట్టకట్టినవాళ్ళ నిష్పత్తి ఎక్స్‌రే చికిత్స పొందినవాళ్ళతో సమానంగానే ఉంది. గుండెకి, ఊపిరితిత్తులకి, పేగులకి మాత్రం ఆలస్యంగా వచ్చే హాని కనిపించలేదు. అంటే ‘దీనివల్ల ఎక్కువమంది బతకరు’ అన్న వైద్యుల మాట నిలబడింది. ‘బతికినవాడి ఒళ్ళు తక్కువ చెడుతుంది’ అన్న తల్లిదండ్రుల ఆశా నిలబడింది. ఆసుపత్రి బతుకుతాడా అన్న ప్రశ్నకి జవాబు చెబుతోంది. అమ్మానాన్నలు అడుగుతున్నది బతికాక ముప్ఫై ఏళ్ళ వయసులో వాడెలా ఉంటాడని. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. ఒకదానికి చెప్పిన జవాబు రెండోదానికి సరిపోతుందనుకోవడం దగ్గరే సంభాషణ తెగిపోయింది.

తల్లిదండ్రుల్ని మాత్రం ప్రశ్నించకుండా ఎలా వదులుతాం? వాళ్ళు కీమో వద్దన్నారు. 2016 అధ్యయనంలో ఉన్నవాళ్ళు ప్రోటాన్‌తో పాటు కీమో కూడా తీసుకున్నవాళ్ళు. అందుకని ఆ అంకెలు ఈ నిర్ణయానికి పూచీ పడవు. ప్రేమ ఎంత గాఢమైనదైనా దానికి కణితి నడక తెలియదు. ‘నా బిడ్డ, నా ఇష్టం’ అనే మాటలో మమకారం ఎంత ఉందో యాజమాన్యం కూడా అంతే ఉంది. బిడ్డ పొలం లాంటి ఆస్తి కాదు. వాడి గుండె, వాడి వినికిడి, వాడి రేపు వాడివే. అయిదేళ్ళ వాణ్ణి ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పలేడు. ఇంకా పుట్టని ఆ ముప్ఫై ఏళ్ళ మనిషి తరఫున ఎవరు మాట్లాడాలి? తల్లిదండ్రులా, వైద్యులా, న్యాయమూర్తా? ఎవరో ఒకరికి పూర్తిగా అప్పగించి చేతులు దులుపుకునే వీలు లేదన్నదే నా సమాధానం. ముగ్గురూ ఆ మనిషికి జవాబుదారులే.

మనకి బాగా తెలిసిన ఒక కథ ఉంది. బిడ్డ పోయిన కిసాగోతమి శవాన్ని చంకనేసుకుని మందు కోసం ఇల్లిల్లూ తిరిగి, చివరికి బుద్ధుడి దగ్గరికి వస్తుంది. చావు ఎరగని ఇంటి నుంచి పిడికెడు ఆవాలు తెమ్మంటాడు ఆయన. అలాంటి ఇల్లు దొరకదు, ఆమెకి సత్యం అర్థమవుతుంది. చావు అందరిదీ అన్న ఎరుక గొప్పదే. కానీ ఆ కథ నడిచింది బిడ్డ పోయాక. బిడ్డ ఇంకా ఊపిరి పీలుస్తుంటే, నాలుగు రాజ్యాల అవతల ఒక వైద్యుడు ఉన్నాడని తెలిస్తే, అప్పుడు కూడా ఆవాలే అడగాలా? మన సమాజంలో వైరాగ్యాన్ని తొందరపడి పంచిపెట్టే అలవాటు ఉంది. ‘రాసిపెట్టి ఉంటే ఎక్కడున్నా బతుకుతాడు’ అని మంచం పక్కనే కూర్చుని చెప్పేవాళ్ళకి కొదవ లేదు. బతికున్న బిడ్డ కోసం గడప గడపా తొక్కే తల్లి తిరుగుడు అజ్ఞానం కాదు. ఆవిడ తొక్కే గడపల్లో ఒకటి దేశం అవతల ఉంటే అది ఆవిడ తప్పు కాదు.

ఆ గడప అంత దూరంగా ఎందుకు ఉంది? ప్రోటాన్‌ని వైద్యానికి వాడవచ్చని 1946లో రాసినవాడు రాబర్ట్ విల్సన్. అంతకుముందు లాస్ అలమోస్‌లో అణుబాంబు తయారీలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. ఆ ఆలోచనలో ప్రాయశ్చిత్త భావం కొంత ఉందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1954లో బర్క్‌లీలో తొలిసారి రోగికి ఇచ్చారు. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆసుపత్రిలోనే యంత్రం వెలిసింది. బ్రిటన్‌లో 1989 నుంచే ఒక ప్రోటాన్ యంత్రం ఉంది. కాకపోతే దాని శక్తి కంటిలో గడ్డలకి సరిపోయేంతే, మెదడు లోతుకి చేరదు. అందుకే 2008 నుంచి ఎంపిక చేసిన రోగుల్ని ఆ ప్రభుత్వమే విదేశాలకి పంపుతూ వచ్చింది. లోతైన గడ్డలకి సరిపోయే సొంత కేంద్రం మాంచెస్టర్‌లో తెరిచింది 2018 డిసెంబరులో, ఈ అబ్బాయి ప్రాగ్ వెళ్ళిన నాలుగేళ్ళకి. ప్రోటాన్లకి వేగమిచ్చే గది అంత సైక్లోట్రాన్, కిరణాన్ని రోగి చుట్టూ తిప్పే వంద టన్నులు దాటే గాంట్రీ, మందపాటి కాంక్రీటు గోడలు: ఇది వీధికొకటి కట్టేది కాదు నిజమే. అయినా యంత్రం ఎక్కడ ఉండాలో తేల్చింది డబ్బూ, ప్రభుత్వాల ప్రాధాన్యాలూ. గడ్డ ఏ దేశంలో పుట్టాలో మాత్రం ఎవరూ తేల్చలేదు.

మన సంగతి చూద్దాం. 2019లో చెన్నైలో ప్రైవేటు ప్రోటాన్ కేంద్రం తెరిచేదాకా దక్షిణాసియాలో ఎక్కడా లేదు. 2023లో నవీ ముంబయిలోని ఖర్‌ఘర్‌లో టాటా వారి కేంద్రం వచ్చింది. ఇప్పుడు గుంటూరు నుంచో వరంగల్ నుంచో వెళ్ళేవాడికి రాత్రి రైలెక్కితే అందే దూరమే, ఖరీదు మాత్రం దూరంగానే ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు మీద మామూలు రేడియేషన్ (కరెంటు) పెట్టించుకోవడానికే ఊరొదిలి, ఆసుపత్రి దగ్గర గది అద్దెకి తీసుకుని, కూలి పోగొట్టుకుని వారాల తరబడి ఉండే కుటుంబాలు మనవి. వాళ్ళకి హైదరాబాదే పరదేశం. అదే హైదరాబాదుకి సూడాన్ నుంచి, సోమాలియా నుంచి, యెమెన్ నుంచి రోగులు వస్తారు. భాష రాక, దుబాసీని వెంటేసుకుని, ఫైలు గుండెకి హత్తుకుని వరండాల్లో కూర్చుంటారు. మనం ఎవరి గడప దగ్గర నిలబడతామో అది మనకి కనిపిస్తుంది. మన గడప దగ్గర నిలబడ్డవాళ్ళు కనిపిస్తున్నారా?

ఇంకో మాట కూడా మన ఇళ్ళల్లోదే. ‘పొలం అమ్మైనా తీసుకెళ్దాంరా, రేపు ఏమన్నా అయితే చేయగలిగిందంతా చేశామన్న తృప్తైనా మిగులుతుంది’ అంటాడు పెద్దనాన్న. ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ ఆ తృప్తి ఎవరిది? గడ్డ ఒళ్ళంతా పాకిపోయిన మనిషికి ఎంత కచ్చితమైన కిరణమైనా చాలాసార్లు చేసేదేమీ ఉండదు. అలాంటి మనిషిని విమానమెక్కించి, తెలియని భాష మాట్లాడే గదిలో, కదలకుండా తలకి మాస్కు బిగించి పడుకోబెట్టడం రోగి కోసమా, మిగిలిపోయే మన మనశ్శాంతి కోసమా? నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం కూడా ఆ టిక్కెట్టు ఖరీదులో కలిసి ఉంటుంది. వెళ్ళడం ధైర్యమైన సందర్భాలున్నాయి, వెళ్ళకుండా పక్కన కూర్చోవడానికి అంతకంటే ఎక్కువ ధైర్యం కావలసిన సందర్భాలూ ఉన్నాయి. తేడా తెలియాలంటే నిజం చెప్పేవాడొకడు కావాలి. యంత్రాన్ని అమ్ముకునే కేంద్రం ఆ మాట చెప్పదు. యంత్రం లేని ఆసుపత్రి చెబితే మనం నమ్మం.

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగల్ అనే ఇద్దరు తాత్వికులు ఒక ఇరకాటాన్ని లోకం ముందు పెట్టారు. మన చేతిలో లేని అదృష్టాన్ని బట్టే మనల్ని మంచివాళ్ళనో చెడ్డవాళ్ళనో లోకం లెక్కిస్తుంది, మనమూ అలాగే లెక్కించుకుంటాం. ఇది అన్యాయమని తెలిసీ మానలేం. దీన్నించి పూర్తిగా బయటపడే దారి నాకూ కనిపించలేదు. కనీసం నిర్ణయం మంచిదా కాదా అన్నది ఆ రోజు తెలిసిన దాన్ని బట్టి, అడిగిన ప్రశ్నల్ని బట్టి, వచ్చిన జవాబుల్ని బట్టి తూచవచ్చు. అలా తూచినప్పుడు సౌతాంప్టన్ కథలో నాకు పెద్ద తప్పుగా కనిపించేది పడవెక్కడమూ కాదు, ప్రోటాన్ వద్దనడమూ కాదు. రెండు పక్షాలకీ మధ్య మాట చచ్చిపోవడం, దాని స్థానంలోకి వారంటు రావడం. కాదనే అధికారం ఎవరి చేతిలో ఉందో, కారణం చెప్పే బాకీ వాళ్ళదే. కోర్టులో కొద్ది రోజుల్లో కుదిరిన ఏర్పాటు, అదే కాగితాలతో, అదే బిడ్డతో ఆసుపత్రి గదిలో కుదిరి ఉండాల్సింది.

అందుకని రెండు మనవులు. డాక్టరు గారూ, మీరు వద్దన్న చికిత్స కోసం ఎవరైనా బయటికి వెళ్తామంటే కోప్పడకండి. ఎందుకు వద్దంటున్నారో వాళ్ళ భాషలో కాగితం మీద రాసివ్వండి, స్కాన్లూ బయాప్సీ రిపోర్టులూ పూర్తి ఫైలుగా చేతికివ్వండి, తిరిగొస్తే తలుపు తీసి ఉంచండి. బయల్దేరే అమ్మలూ నాన్నలూ, టిక్కెట్టు కొనేముందు ఆ యంత్రంతో ఏ సంబంధమూ లేని ఒక వైద్యుణ్ణి మూడు సంగతులు అడగండి: దీనివల్ల బతికే అవకాశం పెరుగుతుందా, బతికాక ఒళ్ళు తక్కువ చెడుతుందా, వెళ్ళకపోతే ఏం పోగొట్టుకుంటాం? ఈ మూడింటికీ సూటిగా జవాబు వచ్చాక మీరు వెళ్ళినా ఉన్నా, రేపు ఫలితం ఎలా వచ్చినా, మిమ్మల్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.