నడవమని చెబితే చాలునా?



పాపసంకీర్తనం వినవలసిన గురువు ఈ వారం మీ ఎదుట ఒక తప్పు ఒప్పుకుంటున్నాడు. తప్పు చిన్నదే. కాని దాని వెనుక ఉన్న ప్రశ్న చిన్నది కాదు. అందుకే మీరూ నాతోపాటు ఆలోచించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గత తపస్సు కాలంలో మా విచారణలోని స్త్రీల కోసం వాట్సాప్‌లో ఒక గ్రూపు ప్రారంభించాము. మరియదళం సమావేశానికి వచ్చే తల్లులలో ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, మరొకరికి మోకాళ్ళ నొప్పులు. జపమాలకు మోకరించినవారు లేవలేక బల్ల పట్టుకోవడం చూసి నాకు బాధ వేసింది. అందుకని ప్రతి ఉదయం ఐదున్నరకు నేనే ఒక మెసేజ్ పంపడం మొదలుపెట్టాను. దేహం దేవుడిచ్చిన కానుక, ఈ రోజు అరగంట నడవండి అన్నది దాని సారాంశం. సాయంత్రం ఎవరెవరు ఎన్ని అడుగులు నడిచారో చెప్పమని అడిగేవాడిని. మొదటి వారం అందరూ చేతులు జోడించిన బొమ్మలు పంపారు. నాలుగో వారంలో కూడా బొమ్మలు వస్తూనే ఉన్నాయి. నడిచేవారు మాత్రం ముగ్గురే మిగిలారు.

ఇంతలో ఒక తల్లి గ్రూపులోనుంచే తప్పుకుంది. నిజం చెప్పాలంటే నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. ఆదివారం పూజ ముగిశాక, "ఏమ్మా, మా మెసేజ్‌లు నచ్చలేదా?" అని అడిగాను.

"కోపగించుకోకండి ఫాదర్ గారూ," అన్నదామె. "ఐదున్నరకి పొయ్యి మీద పాలుంటాయి. పక్కన పిల్లల క్యారేజీలు. మామయ్యగారికి వేణ్ణీళ్ళు పెట్టాలి. ఫోను మా ఆయనది. ఆయనే మీ మెసేజ్ చూసి, 'ఇదుగో, ఫాదర్ గారు నిన్ను నడవమంటున్నారు' అని చదివి వినిపిస్తారు. వినిపించి మళ్ళీ దుప్పటి కప్పుకుంటారు. నడవొద్దని ఎవరూ అనలేదండీ. ఆ అరగంట ఎక్కడుందో మాత్రం ఎవరూ చెప్పలేదు."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజు భోజనం దగ్గర కూర్చున్నా ఆ మాటే చెవిలో మోగింది. నాకు వడ్డించిన అన్నం కూడా ఒక స్త్రీ వండినదే. ఆమె ఆ రోజు నడిచిందో లేదో నేను ఏనాడూ అడగలేదు.

ప్రియ పాఠకులారా, మన ముందున్న ప్రశ్న ఇది. ఒకరి మేలు కోరి ఒక మాట పంపితే, వారి పట్ల మన బాధ్యత తీరిపోయినట్టేనా?

ఫోనులో పంపే మాటకు విలువ లేదని నేను అనడం లేదు. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో మొట్టమొదటి ఎస్సెమ్మెస్ పంపారు. అందులో ఉన్నది క్రిస్మస్ శుభాకాంక్షలే. ఆనాటినుండి ఆ చిన్న సందేశం చాలా మంచి పనులకు ఉపయోగపడింది. మన దక్షిణ భారతదేశంలోనే మధుమేహం అంచున ఉన్న 537 మంది ఉద్యోగస్తుల మీద ఒక పరిశోధన జరిగింది. దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఆహారం గురించి, వ్యాయామం గురించి రెండేళ్ళపాటు ఫోనులో సందేశాలు అందుకున్నవారిలో 18 శాతం మందికి మధుమేహం వచ్చింది. మొదట్లో సలహా మాత్రమే పొందినవారిలో 27 శాతం మందికి వచ్చింది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. దీన్ని ఎవరు కాదంటారు?

అయితే ఒక విషయం గమనించండి. ఆ 537 మందీ పురుషులే. వారి చేతిలో వారి ఫోను ఉంది. పని దిగాక వారి గంట వారిదే. మన స్త్రీల సంగతి వేరు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమే. ఇక గంటల మాటకు వస్తే, 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ఇంటి పనికి స్త్రీలు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేల్చింది. ఆ పనిలో పాలుపంచుకునే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. తేడా మూడు గంటలకు పైమాటే. మా విచారణ తల్లి అడిగిన అరగంట ఎక్కడ పోయిందో ఈ లెక్క చెప్పడం లేదూ?

అవసరం లేదా అంటే, ఉంది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మాదిరి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 2022 నాటి లెక్కల ప్రకారం మన దేశంలో ఆపాటి శ్రమ లేని పురుషులు 42 శాతం. స్త్రీలు 57 శాతం. పొలంలో మిరపకాయలు కోసే తల్లికి, పత్తి తీసే చెల్లెలికి నడవమని చెప్పనక్కరలేదు. పొద్దంతా వంగిన నడుముకు వారికి కావలసింది విశ్రాంతి. వారికి కూడా నేను అదే మెసేజ్ పంపాను. అది నా రెండో తప్పు. కాని పట్నాలకు చేరిన మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. రోలు పోయి మిక్సీ వచ్చింది. బావి పోయి కుళాయి వచ్చింది. శరీరానికి శ్రమ తగ్గింది, కాని తీరిక పెరగలేదు. రోజంతా వంటగదికీ వరండాకూ మధ్యనే గడిచిపోతుంది. జబ్బు వచ్చేది అక్కడే.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు ఒక భేదం నేర్పారు. పునీత తోమాసు అక్వినాసు ప్రేమను నిర్వచిస్తూ, ప్రేమించడమంటే ఎదుటివారి మేలును సంకల్పించడమేనన్నారు. సంకల్పం వేరు, ఉత్త కోరిక వేరు. 'అలా జరిగితే బాగుండును' అనుకుని ఊరుకోవడాన్ని లాటినులో వెలెయితాస్ అంటారు. అది సంకల్పం దాకా రాని కోరిక, గింజ కట్టని పూత వంటిది. నిజంగా సంకల్పించినవాడు గమ్యాన్ని మాత్రమే కోరుకోడు, గమ్యానికి చేర్చే మార్గాన్ని కూడా తన నెత్తిన వేసుకుంటాడు. కొడుకు చదువుకోవాలని సంకల్పించిన తండ్రి ఫీజు కడతాడు. ఉత్తగా కోరుకునే తండ్రి 'బాగా చదువు నాయనా' అని దీవించి ఊరుకుంటాడు.

నా మెసేజ్‌లు ఏ కోవకు చెందుతాయి? వాటిలో ఆమె నడవాలన్న కోరిక ఉంది. ఆమె నడవడానికి కావలసిన అరగంటను సంపాదించే పని మాత్రం ఎవరూ నెత్తిన వేసుకోలేదు, నేనూ, ఆమె భర్తా, కొడుకూ. యాకోబు పత్రిక రెండవ అధ్యాయం మీకు తెలిసినదే. బట్టలేని సహోదరుడికి, తిండిలేని సహోదరికి చల్లని దీవెన ఇచ్చి, కావలసినదేమీ ఇవ్వకుండా పంపివేస్తే ప్రయోజనమేమిటని ఆయన నిలదీశారు. అన్నం లేనివారికి అన్నం ఎంతో, తీరిక లేనివారికి తీరిక అంత. దాన్ని మనం ఇవ్వగలం. ఇవ్వకుండా దీవెనలు మాత్రం పంపుతున్నాం.

ఇక్కడ కొందరు అడగవచ్చు: "ఫాదర్ గారూ, ఎవరి ఆరోగ్యం వారి బాధ్యత కాదా? మనసుంటే మార్గం దొరకదా?" ఈ మాటలో నిజం లేకపోలేదు. జీవితం, ఆరోగ్యం దేవుడు మనకు అప్పగించిన అమూల్యమైన వరాలని, వాటిని తగినరీతిలో కాపాడుకోవాలని కతోలిక శ్రీసభ సత్యోపదేశం బోధిస్తుంది. అమ్మలారా, అందరి కంచాలూ నిండాక మిగిలినదే మీ వంతు అనుకోవడం త్యాగమని మీకు నేర్పి ఉంటారు. మీ దేహం కూడా పవిత్రాత్మకు ఆలయమే. దాన్ని నిర్లక్ష్యం చేయడం పుణ్యం కాదు. 'నాకూ అరగంట కావాలి' అని ఇంట్లో నోరు తెరిచి అడగడం స్వార్థమూ కాదు. అయితే అదే సత్యోపదేశం మరొక మాట కూడా చెబుతుంది. ఆరోగ్యకరమైన జీవితం కోసం ఆహారం, నివాసం వంటివాటిని సమకూర్చడంలో సమాజం తోడ్పడాలట. బాధ్యత ఆమెది, నిజమే. దానితోపాటు మనదీ.

ప్రోత్సాహంలో మరొక అపాయం కూడా ఉంది. మంచి మాట మెల్లగా నిఘాగా మారిపోతుంది. ఎవరెన్ని అడుగులు నడిచారని నేను అడిగిన ప్రతి సాయంత్రమూ నడవలేనివారిని పదిమందిలో నిలబెట్టినట్టయింది. ఫలానా ఆమె పదివేల అడుగులు వేసిందని మెచ్చుకుంటే, రెండువేలు వేసిన తల్లి నోరు మూసుకుంది. అసలు ఈ పదివేల లెక్క ఎక్కడిదో తెలుసా? 1965లో జపానులో అడుగులు లెక్కించే ఒక పరికరానికి పెట్టిన పేరులోనుంచి పుట్టింది. వైద్యులు తేల్చిన కొలత కాదు. సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది స్త్రీలను గమనించిన అమెరికా పరిశోధకులు 2019లో ఒక సంగతి ప్రకటించారు. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు ఎంతో తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక చెప్పుకోదగ్గ తేడా లేదు. కొద్దిపాటి నడక కూడా మేలే. మనం సిగ్గుపరచి మాన్పించిన నడక ఎంత విలువైనదో చూడండి.

ఈ సిగ్గు సంగతి ఇంగ్లండులో ముందే గ్రహించారు. 2015 జనవరిలో అక్కడి క్రీడా సంస్థ స్పోర్ట్ ఇంగ్లండ్ 'దిస్ గర్ల్ కెన్' అనే ప్రచారం ప్రారంభించింది. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయమే స్త్రీలను వ్యాయామానికి దూరం చేస్తున్నదని తెలుసుకుని, అందమైన తారలను కాక, చెమటోడ్చే మామూలు స్త్రీలను టీవీలోనూ సామాజిక మాధ్యమాలలోనూ చూపించారు. మన వీధులలో ఆ భయం తక్కువా? సాయంత్రం చెప్పులేసుకుని బయలుదేరిన కోడలిని చూసి, 'ఈ వయసులో షికార్లేమిటమ్మా' అనే నోళ్ళు మన అరుగుల మీదే ఉన్నాయి. ఆ నోళ్ళలో ఒకటి మనది కాకుండా చూసుకోవడం కూడా ప్రోత్సాహమే.

మరి మా విచారణలో ఏం చేశాము? అడుగుల లెక్క అడగడం మానేశాను. స్త్రీలకు పంపే మెసేజ్ మానేసి పురుషుల గ్రూపుకు పంపుతున్నాను: "రేపు ఉదయం పాలు మీరు కాచండి. క్యారేజీ మీరు కట్టండి." మొదటి రోజు చేతులు జోడించిన బొమ్మలు రాలేదు లెండి! సాయంత్రం ఐదున్నరనుంచి ఏడు వరకు గుడి ఆవరణలో దీపాలు వేసి గేటు తెరిచి ఉంచుతున్నాము. మరియదళం సభ్యురాళ్ళు ఇద్దరిద్దరు కలిసి ఒక్కొక్క ఇంటి గుమ్మం దగ్గర నిలబడి పిలుస్తున్నారు. ఫోనులో వచ్చిన పిలుపును పక్కకు నెట్టవచ్చు. గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడ్డ వదినను నెట్టలేము కదా!

అద్భుతాలేమీ జరగలేదు. నన్ను నిలదీసిన ఆ తల్లి వారానికి నాలుగు రోజులు తన తోడికోడలితో కలిసి నడుస్తున్నది. ఆమె భర్త ఇప్పటికి రెండుసార్లు పాలు పొంగించాడట. "పొంగితే పొంగాయి ఫాదర్ గారూ, పొయ్యి తుడవడం కూడా నేర్చుకున్నారు" అని ఆమె నవ్వుతూ చెప్పింది.

సామాజిక మాధ్యమాలను క్రైస్తవులు ఎలా వాడుకోవాలన్న విషయమై 2023లో వాటికన్ సమాచార విభాగం ఒక పత్రం వెలువరించింది. మంచి సమరీయుని ఉపమానాన్ని అందులో ధ్యానానికి తీసుకున్నారు. ఆ సమరీయుడు గాయపడినవాడికి ధైర్యం చెప్పి సాగిపోలేదు. తన వాహనం దిగాడు, అతడిని ఎక్కించాడు, తాను నడిచాడు. మరొకరి మేలు కోసం మన సుఖంలో కొంత దిగిరావడమే ఆ కథలోని మర్మం.

చివరగా మరియమాతను తలచుకుందాం. ఎలిజబెతమ్మ వృద్ధాప్యంలో గర్భవతి అయి ఆరు నెలలయిందన్న వార్త ఆమెకు దేవదూత ద్వారా అందింది. అదీ ఒక సందేశమే. మరియమ్మ తిరిగి శుభాకాంక్షలు పంపి ఊరుకోలేదు. లేచి, కొండసీమకు త్వరగా ప్రయాణమై వెళ్ళింది. సుమారు మూడు నెలలు అక్కడే ఉండిపోయింది. ఆ మూడు నెలలూ ఆ ఇంట్లో నీళ్ళు ఎవరు మోశారో, గిన్నెలు ఎవరు కడిగారో లూకా రాయలేదు. రాయకపోయినా మనకు తెలుసు.

కాబట్టి ప్రియ పాఠకులారా, మీ తల్లికో, భార్యకో, అక్కకో ఆరోగ్యం గురించి మంచి మెసేజ్ ఒకటి పంపాలనిపిస్తే తప్పక పంపండి. పంపి, ఫోను పక్కన పెట్టి, లేచి వంటగదిలోకి వెళ్ళండి. ఆమె చేతిలోని గరిటె మీరు తీసుకోండి. అప్పుడు ఆమెను నడవమని చెప్పనక్కరలేదు, గుమ్మం దాటే దారి ఆమెకు తెలుసు.

మరియమాత మన కుటుంబాలకు తోడుగా నడుచునుగాక!