తక్కువ చెప్పిన మేస్త్రి

తక్కువ ఖర్చు చెప్పే మనిషిని నమ్మలేకపోవడం నాకున్న జబ్బు. ఎక్కువ చెప్పేవాణ్ణి అందరూ అనుమానిస్తారు, అందులో వింత లేదు. నేను ఇంకో రకం. వేణ్ణీళ్లు తాగి పడుకోమన్న డాక్టరు దగ్గర్నుంచి లేచొచ్చి, స్కానింగు రాసే డాక్టరు దొరికేదాకా తిరుగుతాను. ఈ సంగతి ఎప్పట్నుంచో తెలిసిందే గాని, పోయిన ఎండాకాలం కారు ఏసీ చెడిపోయినప్పుడు దాన్ని నిదానంగా చూసుకోవాల్సి వచ్చింది.

మా కారుకు ఇరవై ఏళ్లు దాటాయి. పొద్దున పూట ఏసీ బాగానే ఉండేది. మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర బళ్ల మధ్య ఇరుక్కున్నామంటే వేడిగాలి కొట్టేది. సాయంత్రానికి మళ్లీ మామూలే. మొదట చూపించిన షాపులో బానెట్ ఎత్తి ఓ నిమిషం చూసి, కంప్రెసర్ మొత్తం మార్చాలన్నారు. దాంతోపాటు డ్రయ్యరు, కొత్త గ్యాసు. చెప్పిన అంకె పెద్దదే. అది వినగానే గుండె గుభేలుమన్న మాట నిజం. ఆ వెంటనే ఒక ధీమా కూడా కలిగింది. ఇంత ఖర్చు చెప్పారంటే రోగం సరిగ్గా పట్టుకునే ఉంటారని!

ఆటోనగర్‌లో ఏసీ పని చేసే ఓ పెద్దాయన దగ్గరికి వెళ్లింది అదే పనికి కాస్త తక్కువ అడుగుతారేమోనని. ఆయన అసలు పనే మార్చేశారు.

"కంప్రెసర్‌కేం కాలేదండీ. క్లచ్ అరిగిపోయింది. గ్యాసు జోలికి పోనక్కర్లేదు."

నమ్మబుద్ధి కాలేదు. షాపుకు అద్దాల తలుపు లేదు, కంప్యూటర్ బిల్లు లేదు. ఈయనకు కంప్రెసర్ మార్చడం రాదేమో, చేతనైన పనే చెబుతున్నాడేమో అనుకున్నాను. నా మొహంలో అది కనిపించినట్టుంది. ఇంజను ఆపి, పుల్లీ ముందున్న ప్లేటును చేత్తో తిప్పి చూపించారు. కాస్త బిరుసుగా, ఎక్కడా పట్టెయ్యకుండా తిరిగింది. అది కదలకుండా బిగుసుకుపోతే కంప్రెసర్ పోయినట్టట. తర్వాత ఇంజను బాగా వేడెక్కనిచ్చి ఏసీ వేశారు. కాయిల్ వైరులో 12 వోల్టులూ వస్తున్నాయి, ప్లేటు మాత్రం అతుక్కోవడం లేదు. ఓ చెక్కపుల్లతో ప్లేటును పుల్లీ వైపు నెట్టారు. టక్కుమని పట్టుకుంది, చల్లగాలి వచ్చింది. (బెల్టు తిరుగుతుండగా చేసే పని, చూసి మీరు ప్రయత్నించకండి.)

కళ్లతో చూసిందీ చాల్లేదు నాకు. రాత్రి ఇంట్లో కూర్చుని ఆయన మాటలో తప్పు దొరుకుతుందేమోనని చదివాను. ఇంజను నడుస్తున్నంతసేపూ బెల్టు పుల్లీని తిప్పుతూనే ఉంటుంది, కంప్రెసర్ మాత్రం తిరగదు. పుల్లీ వెనకున్న కాయిల్‌కు కరెంటు అందితే అది అయస్కాంతమై ప్లేటును పుల్లీకి అంటిస్తుంది, అప్పుడే కంప్రెసర్ తిరగడం మొదలు. అమెరికాలో ప్యాకార్డ్ సంస్థ 1940 మోడల్ కార్లకు ఏసీ పెట్టినప్పుడు ఈ క్లచ్ ఏర్పాటే లేదు. కంప్రెసర్‌ను ఆపాలంటే ఇంజను ఆపి, దిగి, బెల్టు ఊడదీయాల్సిందే.

ప్లేటుకూ పుల్లీకీ మధ్య ఉండాల్సిన సందు సుమారు అర మిల్లీమీటరు. ఏళ్ల తరబడి రాసుకుని రాసుకుని అది పెరుగుతుంది. రాగి తీగకు డిగ్రీ వేడి పెరిగితే నిరోధం దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. అంటే అరవై డిగ్రీలు వేడెక్కిన కాయిల్‌లోకి వెళ్లే కరెంటు ఇంచుమించు ఐదో వంతు తగ్గిపోతుంది. బలం తగ్గిన అయస్కాంతం పెరిగిన సందును దాటలేదు. పొద్దున పనిచేసి మధ్యాహ్నం మొరాయించడమెందుకో అక్కడ తేలిపోయింది. మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. సంతోషించాలి కదా? నాకు చిరాకేసింది. అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు.

మర్నాడు పని మొదలైంది. బ్యాటరీ టెర్మినల్ తీసి, బెల్టు వదులు చేసి, నడిమి బోల్టు విప్పి ప్లేటు లాగారు. దాని వెనకున్న పల్చటి వాషర్లను గుడ్డ మీద జాగ్రత్తగా పెట్టుకున్నారు. సర్‌క్లిప్ తీస్తే పుల్లీ వచ్చింది, దాని ముఖం వేడికి నీలమెక్కి ఉంది. షాఫ్టు చుట్టూ వేలితో తడిమి, ఆయిలు చెమ్మ లేదని నాకూ చూపించారు. చెమ్మ ఉంటే సీలు పోయినట్టు, అప్పుడు క్లచ్ ఒక్కటీ మార్చి లాభం లేదన్నారు. గ్యాసు పైపు ఒక్కటీ విప్పలేదు. కొత్త కాయిల్‌ను మీటరుతో చూసి ఎక్కించి, ప్లేటు బిగించాక మూడు చోట్ల ఫీలర్ గేజ్ దూర్చారు. సందు ఎక్కువైందని ఒక వాషరు తీసి మళ్లీ బిగించారు.

నేను ఊరుకోలేదు. "ఎయిర్ గ్యాప్ అర మిల్లీమీటరు మించకూడదు కదా మేస్త్రిగారూ" అన్నాను. ఆ మాట ముందురోజు దాకా నేను విననే లేదు. "అవునండీ" అని ఆయన పనిలో పడిపోయారు. చదివింది ఆయన్ను పరీక్షించడానికి. అందులో నెగ్గిన మనిషి ముందే నా తెలివి చూపించుకోబోయాను.

డబ్బులిచ్చేటప్పుడు ఇంకొకటి బయటపడింది. క్లచ్ సెట్టు ధర పెట్టె మీద అచ్చయి ఉంది, మారు మాట్లాడకుండా ఇచ్చాను. కూలీ దగ్గరికి వచ్చేసరికి "కొంచెం చూసి తీసుకోండి" అనేశాను. ఆయన తగ్గించారు, నేను తీసుకున్నాను. అచ్చు వేసిన ధర ముందు లేవని నోరు, మనిషి చెప్పిన ధర దగ్గర దానంతటదే లేస్తుంది. నాకు అంత పెద్ద ఖర్చు తప్పించిన మాటకు ఆయన విడిగా ఏమీ అడగలేదు. అది ఉంటే గింటే ఆ కూలీలోనే ఉండాలి. నేను కోత పెట్టింది అక్కడే.

మీ పాత కారు ఏసీ మధ్యాహ్నాలు మొరాయిస్తుంటే, కంప్రెసర్ మార్చడానికి ఒప్పుకునే ముందు ఇంజను ఆపించి ఆ ప్లేటును చేత్తో తిప్పి చూపించమనండి. చూపించిన మేస్త్రి ఎంత కూలీ అడిగితే అంతా ఇచ్చి రండి.