వార్డు వదిలితేనే పైచదువా?

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు చదివి, కనీసం ఏడాది పనిచేసిన అమ్మాయి ఎమ్మెస్సీకి వెళ్ళొచ్చు. మెడికల్ సర్జికల్, పిల్లల ఆరోగ్యం, ప్రసూతి, మానసిక ఆరోగ్యం, సామాజిక ఆరోగ్యం - అయిదింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఇంట్లోవాళ్ళు అడిగేది మాత్రం ఇదేదీ కాదు. “చదివితే నైట్ డ్యూటీలు తప్పుతాయా?” అని.

నాచారంలో మా వీధి అమ్మాయి ఒకరు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. అయిదేళ్ళుగా ఐసీయూలో స్టాఫ్ నర్సు. “అలారం మోగకముందే పేషెంటు మొహం చూస్తే తెలిసిపోతుందక్కా” అంటుంది. పెళ్ళిచూపులకొచ్చినవాళ్ళు నర్సు అనగానే మొహాలు చూసుకుంటారట. అదే నర్సింగ్ కాలేజీలో లెక్చరరయితే? అందుకే ఇంట్లో ఎమ్మెస్సీ చెయ్యమని పోరు.

పాఠం చెప్పడం తక్కువ పని కాదు. ఆ మాటొస్తే నా బతుకుతెరువూ అదే. కానీ సాహిత్యంలో పిహెచ్‌డీ నన్ను పుస్తకాలకి ఇంకా దగ్గర చేసింది. ఆమె పైచదువు ఆమెని రోగి నుంచి దూరం చేస్తుందంటే, దాన్నే అందరూ ఎదుగుదల అంటున్నారంటే, అసలు దేన్ని తప్పించుకోవడాన్ని మనం గౌరవం అంటున్నాం?

నెత్తురు, మలమూత్రాలు, పుండు, శవం. వీటిని ముట్టుకునే చేతుల్ని మన సమాజం ఎన్నడు సమానంగా చూసింది కనక! పురుడు పోసిన మంత్రసానిని ఆ పురుడు కాగానే మైల పేరుతో గడప బయట నిలబెట్టిన సంస్కృతి మనది. ఆ మైల ఇవాళ తెల్లకోటు చాటున దాక్కుంది. డాక్టరు ముట్టుకుంటే వైద్యం, నర్సు ముట్టుకుంటే చాకిరీ.

వేరే దారులు లేకపోలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకి పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. సహజ కాన్పుని తన బాధ్యతగా చేయగల నర్సుని తయారుచెయ్యడం దాని ఉద్దేశం. ఐసీయూ వాళ్ళకి నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ళ పీజీ కూడా ఉంది. అందులో చదువు ఎక్కువ భాగం రోగి మంచం పక్కనే. నాకు తెలిసి ఆ అమ్మాయికి సరిగ్గా సరిపోయే చదువు అదే.

అంతమాత్రాన “నువ్వు వార్డులోనే ఉండు తల్లీ, అక్కడ నీ అవసరముంది” అనే హక్కు నాకుందా? సేవ, త్యాగం, తెల్లచీర దేవత - ఈ మాటలతో ఎంతమంది ఆడవాళ్ళ జీతాలు మిగుల్చుకున్నారో! రాత్రంతా నిలబడి కాళ్ళు వాచిన మనిషి పగటి ఉద్యోగం కోరుకోవడం ద్రోహమెలా అవుతుంది? రోగుల్ని చూసే బాధ్యత ఒక అమ్మాయి మనస్సాక్షి మీద పెట్టి, ఆస్పత్రి యాజమాన్యాలూ, ప్రభుత్వాలూ చేతులు దులుపుకోవడం నాకు సమ్మతం కాదు. వెళ్ళాలనుకుంటే నిరభ్యంతరంగా వెళ్ళాలి. ఉండాలనుకుంటే మాత్రం, ఉన్నచోటే జీతం, హోదా, నిర్ణయం తీసుకునే అధికారం పెరగాలి. ఈ రెండోది లేనప్పుడు మొదటిదాన్ని ‘ఎంపిక’ అనడమే నాకు అభ్యంతరం.

క్రిటికల్ కేర్ చదువు గురించి చెబితే ఆ అమ్మాయి శ్రద్ధగా వింది. సీట్లెన్ని, ఫీజెంత అని కూడా అడగలేదు.

“అది చదివొస్తే మా హాస్పిటల్లో నన్నేమని పిలుస్తారక్కా? మళ్ళీ సిస్టరనేనా?” అంది.