పీట ఎవరిది?

మా వంటింట్లో గోడకి ఆనించి ఒక వేపచెక్క పీట ఉంటుంది. జానెడు ఎత్తు కూడా లేదు. వాడి వాడి మధ్యలో కాస్త గుంట పడింది. మా అమ్మమ్మ నలభై ఏళ్ళు దానిమీద కూర్చుని వండింది, మజ్జిగ చిలికింది, బియ్యంలో రాళ్ళేరింది. ఇంటికొచ్చిన స్నేహితురాళ్ళు దాన్ని చూసి, “ఎంత బాగుందో! ఇలాంటి చేతిపని ఇప్పుడెక్కడుంది?” అంటారు. నిజమే, బాగుంటుంది. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకేదో ఇబ్బంది. ఒక వస్తువు అందాన్ని, దాని చుట్టూ నడిచిన జీవితాల నుంచి విడదీసి మెచ్చుకోవచ్చా?

తెనాలి దగ్గర పల్లెలో అమ్మమ్మగారిల్లు. వసారాలో తాతయ్య పడక్కుర్చీ, మగవాళ్ళకీ చుట్టాలకీ నవారు మంచాలు, లోపలి గదిలో భోషాణం, దాని తాళంచెవి తాతయ్య మొలతాడుకి. వంటింట్లో పీటలు, కత్తిపీట, కవ్వం. పడక్కుర్చీ నడుం వాల్చడానికి చేసింది. పీట పని చేసే ఒంటికోసం చేసింది. దానికి వీపు ఆనించే చోటు లేదు. ఆ ఇంట్లో విశ్రాంతి కోసం చేయించిన వస్తువు ఒక్కటీ అమ్మమ్మ పేరు చెప్పి చేయించలేదు. తాతయ్య పొలం వెళ్ళినప్పుడు కూడా ఆమె ఆ కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. కూర్చోవద్దని ఎవరూ అన్నదీ లేదు. ఒకసారి అడిగితే, “కూర్చుంటే ఎవరో ఒకరు లేపుతారుగా, ఆమాత్రానికి ఎందుకే?” అంది.

ఇవన్నీ చేసింది ఊరి వడ్రంగి. నాగళ్ళూ బళ్ళూ బాగుచేసినందుకు ఆయనకి ఏటా కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు. పెరట్లో వేపచెట్టు కొట్టించి తలుపులు చేయించినప్పుడు, మిగిలిన ముక్కని బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి ఈ పీట చేసిచ్చాడట. మిగులు చెక్క, మిగులు పని. దానికి వేరే కూలి లేదు. కోతప్పుడు రంపం అవతలి కొస పట్టుకున్నది ఆయన భార్య. మేర మాత్రం ఆయన పేరునే కొలిచేవాళ్ళని అమ్మ చెప్పేది.

మరి ఆ పీట ఎవరిది? మనిషి తన శ్రమని దేనితో కలిపితే అది అతని సొత్తవుతుందని 1689లో అచ్చయిన పుస్తకంలో జాన్ లాక్ వాదించాడు. ఆ లెక్కన పీట వడ్రంగి దంపతులది. లేదంటే రోజూ కడిగి, తుడిచి, వాడి నున్నన చేసిన అమ్మమ్మది. కానీ అదే వాదంలో లాక్ నౌకరు శ్రమని యజమాని ఖాతాలో వేశాడు. భార్య శ్రమ ఎవరి ఖాతాలో పడుతుందో మన ఇళ్ళలో ఏ తత్వవేత్తా వచ్చి చెప్పనక్కర్లేదు.

అమ్మమ్మ పోయిన మరుసటేడు, 1988లో, తాతయ్య మామయ్యలకి ఆస్తి పంచి రిజిస్టరు చేయించాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమానంగా హక్కు 1985 సెప్టెంబర్ 5 నుంచి వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి అది వర్తించలేదు. అమ్మ పెళ్ళి అంతకు చాలా ముందే అయింది. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది గాని, 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకాలని కదిలించలేదు. భోషాణం పెద్దమామయ్యకి వెళ్ళింది. పడక్కుర్చీ తాతయ్యతోపాటు చిన్నమామయ్య ఇంటికి వెళ్ళింది. పీటని ఎవరూ అడగలేదు. అమ్మ దాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కింది.

ఇక్కడితో ఆపి, అమ్మమ్మకి జరిగిన అన్యాయానికి ఈ పీటని సాక్ష్యంగా చూపించి ఊరుకోవచ్చు. కానీ ఆ ఇంట్లో పీట కంటే కింద ఇంకో చోటు ఉంది. మాలపల్లి నుంచి కారం దంచడానికి ఒకావిడ వచ్చేది. అలిసిపోతే వాకిట్లో నేలమీదే కూర్చునేది. అమ్మమ్మ ఎత్తునుంచి ఆమె దోసిట్లో నీళ్ళు పోసేది. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ పలకగా నేను వినలేదు. వంటింటి పీట ఆమె కోసం ఒక్కసారీ గడప దాటి రాలేదు. అమ్మమ్మకి అది చాకిరీ చేసే చోటు. ఆమె కూర్చున్న నేలమీంచి చూస్తే ఎత్తయిన ఆసనం. రెండూ నిజమే. ఒకటి చెప్పడానికి రెండోది దాచకూడదు.

ఇప్పుడు మా ఇంట్లో డైనింగ్ టేబుల్, చుట్టూ ఆరు కుర్చీలు ఉన్నాయి. పనికి వచ్చే ఆవిడ మాత్రం టీ తాగేటప్పుడు ఈ పీటే లాక్కుని కూర్చుంటుంది. కుర్చీలో కూర్చోమని చాలాసార్లు చెప్పాను. “ఎందుకమ్మా, ఇంకో రెండిళ్ళున్నాయి. లేవాలిగా” అంటుంది. ఈ జవాబు నేను చిన్నప్పుడే విన్నాను.

బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే స్త్రీలు పోరాడగా, 2018లో కేరళ చట్టం సవరించి వాళ్ళకి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడూ ఇచ్చింది. ఇల్లు దుకాణం కాదు గనక ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి ఆ చట్టాలు వర్తించవు. అక్కడ అంతా మా బోటివాళ్ళ మంచితనం మీదే వదిలేశారు.

కుర్చీ చూపించి నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆమెని లేపే తొందర ఎక్కణ్ణుంచి వస్తోందో ఆలోచించలేదు. అందులో కొంత నేనిచ్చే జీతంలోంచే వస్తోంది. ఆ డబ్బు చాలకే కదా ఆమెకి ఇంకో రెండిళ్ళు!

పీటకి పాలిష్ పెట్టించమని మొన్న ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. పెట్టించొచ్చు. ముందు ఆ జీతం లెక్క చూడాలి.