ఎరుపు వదిలిన చోట

ఫార్మలిన్‌లో నిలవబెట్టి, మైనం దిమ్మలో పొదిగి, 4 మైక్రాన్ల మందాన కోసిన కాలేయపు పొరను అలాగే సూక్ష్మదర్శిని కింద పెడితే దాదాపు ఏమీ కనబడదు. వెలుతురు దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది. మనం చూసే రంగులన్నీ మనం అద్దినవే.

రోజువారీగా వాడే హెమటాక్సిలిన్, ఇయోసిన్ జంట కేంద్రకాలను నీలంగా, తక్కినదంతా గులాబీగా చూపిస్తుంది. చిక్కంతా ఆ తక్కినదానిలోనే ఉంది. కండరమూ గులాబీయే, దాన్ని పట్టి ఉంచే సంయోజక కణజాలంలోని కొల్లాజెనూ గులాబీయే. ఒంట్లోని ప్రోటీన్లలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది కొల్లాజెన్. అంత ఉండీ పక్కవాటిలో కలిసిపోతుంది.

దాన్ని విడదీసి చూపడానికి పియరీ మాసన్ 1929లో ప్రకటించిన ట్రైక్రోమ్ పద్ధతిని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఆశ్చర్యమే. కేంద్రకాలు నల్లబడ్డాక స్లైడును ఎర్ర రంగులో ముంచుతారు. కండరం, కొల్లాజెన్ అనే తేడా లేకుండా అన్నీ ఎర్రబడతాయి. తర్వాత ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం వంటిది పోస్తారు. కొల్లాజెన్ ఎరుపును వదిలేస్తుంది, కండరం వదలదు. ఖాళీ అయిన ఆ చోటుకే అనిలిన్ బ్లూ వచ్చి చేరుతుంది. దేన్నైనా గుర్తుపట్టాలంటే అది ఏం పుచ్చుకుందో చూడాలనుకుంటాం. ఇక్కడ గుర్తు దొరికింది అది దేన్ని నిలుపుకోలేకపోయిందో చూడటం వల్ల. ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచితే కండరమూ ఎరుపు కోల్పోతుంది. తొందరపడి తీస్తే కొల్లాజెన్ ఎర్రగానే మిగులుతుంది. ఎంతసేపన్నది పుస్తకంలో ఉంటుంది, చాలా లేదా అని తేల్చేది మాత్రం టెక్నీషియన్ కన్నే. ఆ కన్నుకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదని నా అభిప్రాయం.

మాసన్‌కు 40 ఏళ్ల ముందే, 1889లో, వాన్ గీసన్ చెప్పిన పద్ధతిలో ఇదే కొల్లాజెన్ ఎర్రగా, కండరం పసుపుగా కనిపిస్తాయి. మరి కొల్లాజెన్ అసలు రంగు ఏది? రెండూ కావు. ఇది తెలిసినప్పుడు జ్ఞానం మీద నాకు నమ్మకం సడలలేదు, గట్టిపడింది. ఒకే కాలేయం నుంచి తీసిన రెండు పొరలకు ఈ రెండు స్టెయిన్లూ వేసి చూడండి: రంగులు ఏకీభవించవు, హద్దులు ఏకీభవిస్తాయి. మచ్చకట్టిన కణజాలం ఎక్కడ మొదలై ఏ దారిన పాకిందో రెండూ ఒకేలా చెబుతాయి. సిర్రోసిస్ రోగికి కావలసింది ఆ దారి సంగతే. అయితే సన్నని రెటిక్యులిన్ పోగులను చూడాలంటే ఈ రంగులు చాలవు, వెండి లవణాలు కావాలి. అందుకే బయాప్సీ రిపోర్టులో ఏం కనిపించిందనే దాని పక్కనే, ఏ స్టెయిన్‌తో చూశారో కూడా రాసి ఉండాలని కోరుకుంటాను.